పీరియడ్ ప్లాన్‌కు ఆలోచన ఎక్కడిది? పాస్‌బుక్కు నుంచి పానగల్లు నీడ దాకా

జూన్ రెండో వారంలో బడులు తెరుచుకుంటాయి. నెల తిరిగేలోగా టీచర్ల వాట్సాప్ గ్రూపులు పీడీఎఫ్‌లతో నిండిపోతాయి. "ఎనిమిదో తరగతి ఫిజికల్ సైన్స్ ప్లాన్లు ఎవరి దగ్గరన్న ఉన్నయా సార్?" అని నల్లగొండ నుంచి ఒకరు అడుగుతారు. టీ తాగేలోపే వనపర్తి నుంచి ఫైలు వచ్చి పడుతుంది. ఇక చాట్‌జీపీటీ లాంటివి వచ్చాక పాఠం పేరు కొడితే చాలు, ప్లాన్ మొత్తం క్షణాల్లో తెర మీద ఉంటుంది. ఇంత దొరుకుతున్నా, 2024 డీఎస్సీతో ఉద్యోగంలో చేరిన కొత్త టీచర్లను కదిలిస్తే వినిపించే మాట మాత్రం ఒకటే: పాఠానికి మంచి ఐడియా దొరకడం లేదు.

ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. ప్లాన్లు కుప్పలుగా ఉండి ఐడియాలు ఎందుకు దొరకవో తెలియాలంటే, మనం "ప్లాన్" అని ఒక్క గాటన కట్టేస్తున్న పనులను ముందుగా విడదీసుకోవాలి.

వార్షికం, యూనిట్, పీరియడ్: ఏది దేనికి

వార్షిక ప్రణాళిక అంటే ఏ నెలలో ఏ పాఠాలు అయిపోవాలో చూపించే పట్టిక. యూనిట్ ప్లాన్ ఒక పాఠానికి సంబంధించింది: దానికి ఎన్ని పీరియడ్లు, ఒక్కో పీరియడులో ఏ భావన, ఏ సామగ్రి అని చెబుతుంది. పీరియడ్ ప్లాన్ ఆ నలభై, నలభై అయిదు నిమిషాల లెక్క. పలకరింపుతోనో ఉన్ముఖీకరణతోనో (పిల్లల దృష్టిని పాఠం వైపు మళ్లించే ప్రశ్నలు, మాటలు) మొదలై, కొత్త భావన, కృత్యం, చర్చ, మదింపు, ఇంటిపని అని సాగుతుంది. పిల్లలు చివరికి ఏం చేయగలగాలో చెప్పే వాక్యం అభ్యసన ఫలితం. ఎన్‌సీఈఆర్‌టీ 2017లో ప్రాథమిక, ప్రాథమికోన్నత తరగతులకు వీటిని సబ్జెక్టులవారీగా ప్రకటించింది. ఆ ఫలితానికి చేరడానికి పిల్లలు చేసే పని కృత్యం, వాడే వస్తువు టీఎల్‌ఎం.

ఈ చట్రం మన దగ్గర పుట్టింది కాదు. పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ తత్వవేత్త హెర్బార్ట్ శిష్యులు పాఠాన్ని అయిదు మెట్లుగా విడగొట్టారు. 1956లో బెంజమిన్ బ్లూమ్ బృందం లక్ష్యాలను జ్ఞానం, అవగాహన, అన్వయం అంటూ వర్గీకరించింది. 1980లలో అమెరికా సైన్స్ విద్యలో వచ్చిన, పాఠాన్ని ఆసక్తి కలిగించడం నుంచి మదింపు దాకా అయిదు దశలుగా నడిపే 'ఫైవ్ ఈ' (5E) నమూనా ఇప్పుడు మన శిక్షణల్లోనూ వినిపిస్తోంది. బీఈడీ, డీఎల్ఎడ్ లాంటి టీచర్ శిక్షణ కోర్సుల రికార్డుల్లో ఈ మూడూ కలగలిసి ఉంటాయి. ఏ గడిలో ఏం రాయాలో కొత్తవాళ్లు తికమకపడేది కూడా అందుకే.

ప్లాన్ నోటుబుక్కు రెండు వేర్వేరు అవసరాలు తీరుస్తోంది. ఒకటి రికార్డు: హెచ్ఎం సంతకం, ఎంఈఓ (మండల విద్యాధికారి) సందర్శన, టీచర్ సెలవు పెడితే తరగతికి వెళ్లే మరొకరికి ఆధారం. రెండోది ఆలోచన: ఈ భావనను ఈ పిల్లలు ఎక్కడ తప్పుగా పట్టుకుంటారు, అక్కడ నేను ఏం చేయాలి. మొదటి అవసరానికి ఎవరి పీడీఎఫ్ అయినా సరిపోతుంది. రెండోదానికి సరిపోదు. గ్రూపుల్లో తిరిగేవి దాదాపు అన్నీ మొదటి రకానివే. గడులు నిండి ఉంటాయి, "కృత్యం" అన్న గడిలో మాత్రం "చర్చించడం" అన్న ఒక్క మాట ఉంటుంది. దేని గురించి, ఏ ప్రశ్నతో చర్చించాలో ఉండదు.

చేతులకు పని, మనసుకు ఏది?

దేవరకొండ కోట పాఠం అనుకుందాం. రేచర్ల పద్మనాయకులు కట్టించిన కోట. థర్మాకోల్‌తో నమూనా చేయిస్తే రెండు పీరియడ్లు పిల్లలు తల ఎత్తరు. ఫొటోలు బాగా వస్తాయి. కానీ ఆ రెండు పీరియడ్లూ వాళ్లు ఆలోచించింది దేని గురించి? బ్లేడు వంకర పోకుండా కోయడం, గమ్ ఆరడం, బురుజుకు రంగు వేయడం. మనిషి దేని గురించి ఆలోచిస్తాడో అదే గుర్తుంచుకుంటాడని డానియల్ విల్లింగ్‌హామ్ అనే మనస్తత్వవేత్త చాలాకాలంగా చెబుతున్నారు. ఆ లెక్కన ఈ పిల్లలకు మిగిలేది థర్మాకోల్ పాఠం.

అదే కోటకు ఇంకో దారి ఉంది. బోర్డు మీద కొండల గీతలు గీసి, "ఇక్కడ మీరే కోట కట్టాలి. ద్వారం ఎటు పెడతారు? శత్రువు నెల రోజులు చుట్టుముడితే నీళ్లెక్కడివి? ధాన్యం ఎక్కడ దాస్తారు?" అని అడిగితే ఖర్చు ఒక సుద్దముక్క. పిల్లలు వాదించుకునేది మాత్రం ముట్టడి గురించి, నీటి గురించి, రక్షణ గురించి. ఆ తర్వాత అసలు కోట పటం చూపిస్తే, తాము అనుకున్నదానితో పోల్చి చూసుకుంటారు.

ఐడియాను తూచడానికి నాకు తోచిన మంచి పరీక్ష ఇదే. కృత్యంలోని వస్తువును తీసేసి, దాని బదులు ఇంకేదైనా పెట్టి చూడాలి. అప్పుడు పాఠంలోని ఆలోచన కూలిపోతే ఆ వస్తువు పాఠానికి అవసరం. ఏమీ మారకపోతే అది అలంకారం. "రాము దగ్గర 5 ఆపిల్స్" లెక్కలో ఆపిల్స్ తీసి నల్లగొండ బత్తాయిలు పెడితే లెక్క స్థానికం కాదు, పండు మాత్రమే మారింది.

గణితం: చుక్క కనిపించినంత మాత్రాన దశాంశం కాదు

ఇక్కడ కొంచెం నిలబడి చూద్దాం. ఎందుకంటే దక్షిణ తెలంగాణలో వ్యవసాయం చేసే ఇళ్ల పిల్లలకు బాగా దగ్గరగా ఉన్న గణిత సామగ్రి బీరువాలో పట్టాదారు పాస్‌బుక్కు రూపంలో ఉంది.

మన దగ్గర భూమి లెక్క ఎకరాల్లో, గుంటల్లో. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. ఎకరం 25 గుంటలను 1.25 అని రాస్తారు. ఇప్పుడు ప్రశ్న: అన్నకు 1.25, తమ్ముడికి 1.25 ఉంది. ఇద్దరిదీ కలిపితే ఎంత?

దశాంశాలు బాగా వచ్చిన పిల్లవాడు ఠక్కున 2.50 అంటాడు. కాలిక్యులేటరూ అదే అంటుంది. ఇంట్లో తాతను అడిగితే "మూడెకరాల పది గుంటలు" అంటాడు. తాతదే సరి. 25, 25 కలిపితే 50 గుంటలు. అందులో 40 ఒక ఎకరమైపోతే 10 గుంటలు మిగిలాయి. పాస్‌బుక్కు పద్ధతిలో 3.10. నిజమైన దశాంశంలోకి మారిస్తే 25ను 40తో భాగించాలి, 0.625 వస్తుంది. అంటే ఒక్కొక్కరిది 1.625 ఎకరాలు, ఇద్దరిదీ 3.25. మూడెకరాల పది గుంటలు అన్నా, 3.25 ఎకరాలు అన్నా ఒకటే భూమి.

ఈ ఒక్క లెక్కలో స్థానవిలువ మొత్తం బయటపడుతుంది. చుక్కకు కుడివైపు మొదటి అంకె పదో వంతు, రెండోది నూరో వంతు అని పిల్లలు వల్లిస్తూనే ఉంటారు. ఇక్కడ చుక్క ఉంది కానీ కుడివైపున ఉన్నవి నలభయ్యో వంతులు. "మరి చుక్క ఎందుకు పెట్టారు?" అని వాళ్లే అడుగుతారు. గంటలు, నిమిషాల లెక్క గుర్తుచేస్తే, అక్కడ 60కి ఎందుకు మారుస్తామో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. పాస్‌బుక్కును తీసేసి చూడండి, ఈ ప్రశ్నలేవీ పుట్టవు.

అయితే ఇదే లెక్కను ఆరో తరగతిలో దశాంశాలు మొదలుపెట్టిన రోజే ఇస్తే చేటు చేస్తుంది. పదో వంతు ఇంకా కుదురుకోని పిల్లవాడికి నలభయ్యో వంతు చూపిస్తే రెండూ పోతాయి. దశాంశాల కూడిక బాగా వచ్చాక, ఏడులోనో ఎనిమిదిలోనో దీనికి చోటు. ఐడియా మంచిదా కాదా అనే ప్రశ్నకు ఎప్పుడూ "ఏ తరగతికి, ఎప్పుడు" అనే తోక ఉంటుంది.

చిన్న తరగతులకు గుంట వేరేలా పనికొస్తుంది. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్న చదరం 1,089 చదరపు అడుగులు, సరిగ్గా ఒక గుంట. బడి ఆవరణలో తాడుతో దాన్ని గీయించి, "ఈ భుజాలను 66 అడుగులకు పెంచితే ఎన్ని గుంటలు?" అని అడిగితే తరగతిలో చాలామంది రెండు అంటారు. తాడు లాగి గీసి చూస్తే నాలుగు. సూత్రం చెప్పాక కాదు, చెప్పకముందే ఇది జరగాలి. ముందుగా అంచనా వేసి, అది తప్పని కళ్లారా చూసిన పిల్లవాడు సూత్రాన్ని వినే తీరే వేరు.

సైన్స్: పానగల్లులో కదలని నీడ

నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కుందూరు చోళుల కాలపు త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్లున్న గుడి. ఒక గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద స్తంభం లాంటి నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. నల్లగొండ పిల్లలకు ఇది విహారయాత్ర, ఒక వింత. నీడల పాఠానికి ఇంతకన్నా మంచి చిక్కుముడి దొరకదు: సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోతున్నాడు, బడి జెండా కర్ర నీడ గంట గంటకూ జరుగుతోంది, మరి అక్కడి నీడ ఎందుకు జరగదు?

వీడియో చూపించి, కారణం చెప్పేసి, "మన పూర్వీకులు ఎంత గొప్పవారో" అని ముగిస్తే పిల్లలకు గర్వం మిగులుతుంది. అది తప్పు కాదు. కానీ నీడ గురించి వాళ్లకు అదనంగా తెలిసింది తక్కువ. రెండు సెల్‌ఫోన్ టార్చిలు, నిలబెట్టిన ఒక పెన్ను, తెల్ల కాగితం ఉంటే పాఠం ఇంకోలా నడుస్తుంది. ఒక టార్చి వేస్తే ఒక నీడ. రెండోది వేయకముందు ఆగి, "ఇప్పుడు ఎన్ని నీడలు?" అని అడగాలి. రెండు పడతాయి. ఒక్కో నీడ కాస్త పలచబడుతుంది, రెండూ కలిసిన చోట మాత్రం చిక్కగా ఉంటుంది. ఒక టార్చిని జరిపితే ఒక నీడే జరుగుతుంది. తర్వాత టార్చిని కాగితం మీదకు కాకుండా ఎదుటి తెల్ల గోడ మీదకు వేస్తే? గోడ మీంచి చెదిరిన వెలుతురు పెన్ను మీద పడుతుంది. టార్చిని కొద్దిగా కదిపినా నీడ అంతగా కదలదు.

ఇక్కడికి వచ్చాక గుడి ప్రశ్న మళ్లీ వేస్తే పిల్లలే దగ్గరికొస్తారు: గర్భగుడిలోకి వచ్చేది నేరుగా ఎండ కాదు, బయట చెదిరి స్తంభాల సందుల్లోంచి లోపలికి వచ్చే వెలుతురు. అది వచ్చే దారులు స్తంభాల అమరికతో ముందే ఖాయమైపోయాయి. సూర్యుడు ఎక్కడున్నా నీడ పడే చోటు అందుకే మారదు. కట్టినవాళ్ల నైపుణ్యం ఎంతటిదో కూడా అప్పుడే అసలు తెలుస్తుంది.

నీళ్ల పాఠానికీ నల్లగొండ జిల్లాలోనే ముడి ఉంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు అని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. మర్రిగూడ ప్రాంతపు బోరు నీళ్లు ఏళ్ల తరబడి ఆ హద్దు దాటాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, మడ్డి పేరుకున్నాక తేర్చి వడపోసే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించింది. దాని పేరే నల్లగొండ పద్ధతి. పిల్లల్లో ఉండే గట్టి అపోహ ఏమిటంటే నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోతుందని. ఉప్పు నీళ్లు సగం మిగిలేదాకా మరిగించి, చల్లారాక రుచి చూస్తే చాలు, కరిగి ఉన్నది ఆవిరితో పోదని, ఇంకా చిక్కబడుతుందని తెలుస్తుంది.

జీవశాస్త్రానికి మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఉందని అందరూ అంటారు. ఏడు వందల ఏళ్లదని చెప్పే చెట్టు చూడాల్సిందే, కానీ పాఠానికి అంత దూరం పోనక్కర్లేదు. ఊరి మర్రి ఊడను పట్టుకుని "ఇది కొమ్మా, వేరా?" అని అడిగితే, వేరు అంటే భూమిలో ఉండేదే అన్న నమ్మకం కదులుతుంది.

భాషలకు, సాంఘికానికి అదే అచ్చు నడవదు

సైన్సులో "ముందు అంచనా, తర్వాత ప్రయోగం" బాగా పనిచేస్తుంది. అదే మూసను తెలుగు పద్యానికి తొడిగితే పద్యం చచ్చిపోతుంది. భాషా తరగతిలో పిల్లలు చేయాల్సిన పని వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం. కృత్యం వాటిలో దేన్ని పెంచుతుందన్నదే కొలత. బతుకమ్మ పాటల నడకలో, పాదం చివర "ఉయ్యాలో" వచ్చేలా, తమ ఊరి చెరువు గురించి నాలుగు పాదాలు కట్టమంటే లయ చెవికి తెలుస్తుంది. పదాలు వెతుక్కోవాల్సి వస్తుంది. ఇంగ్లిష్‌లో ఇద్దరు పిల్లలకు బస్సుల పట్టిక సగం సగం ఇచ్చి, పక్కవాడి కాగితం చూడకుండా ప్రశ్నలడిగి నింపుకోమంటే, అడగక తప్పని పరిస్థితి వస్తుంది. తప్పో ఒప్పో నోరు తెరుస్తారు.

సాంఘికంలో చిక్కు వేరు. అక్కడ తేదీలు చాలా ఉంటాయి, కారణాలు వెనక్కి పోతాయి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చారు. భూదానోద్యమం అలా మొదలైంది. ఇది గుర్తుపెట్టుకోవడం సులువు. "నల్లగొండలోనే ఎందుకు? ఆ ఏడాదే ఎందుకు?" అన్న రెండు ప్రశ్నలు వేస్తే 1946 నుంచి అదే నేల మీద నడుస్తున్న సాయుధ పోరాటం, దొరల భూములు, కౌలు, వెట్టి అన్నీ లోపలికి రావాలి. నలభై దళిత కుటుంబాలు అడిగింది 80 ఎకరాలు అని చెప్పి, కుటుంబానికి ఎంతొస్తుందో, దాంతో ఒక ఇల్లు గడుస్తుందో లేదో ఇంట్లో అడిగి రమ్మంటే, చరిత్ర పాఠంలోకి లెక్క, వ్యవసాయం వాటంతటవే వచ్చి కలుస్తాయి.

ఒకే టీచర్, అయిదు తరగతులు, గుప్పెడు చింతగింజలు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక తరగతికి ఒక టీచర్ ఉన్న బడులకు. తండాల్లో, నల్లమల అంచు గూడేల్లో ఒకే గదిలో అయిదు తరగతులు కూర్చున్న బడులున్నాయి. అక్కడ తరగతికో ప్లాన్ చొప్పున రోజుకు రాసినా అమలు చేయడం కుదరదు. కావాల్సింది ఒకే వస్తువు మీద మెట్లు మెట్లుగా ఎదిగే పని.

చింతగింజలు చూడండి. ఒకటో తరగతి లెక్కపెడుతుంది. రెండో తరగతి పదేసి కుప్పలు చేసి, 34 అంటే మూడు కుప్పలు నాలుగు విడి గింజలని చూస్తుంది. మూడో తరగతి వరసలు పేర్చి ఎక్కాలు కడుతుంది. నాలుగో తరగతి 12 గింజల్లో మూడో వంతు, నాలుగో వంతు తీస్తుంది. అయిదో తరగతికి ఒకే ప్రశ్న: 12 గింజలను సమాన వరసలుగా ఎన్ని రకాలుగా పేర్చగలవు? ఒకటి పన్నెండు, రెండు ఆర్లు, మూడు నాలుగులు. ఇప్పుడు 13 గింజలతో చెయ్యి. ఒక్క వరస తప్ప ఏదీ కుదరదు. ప్రధాన సంఖ్య అన్న మాట చెప్పకముందే దాని ఆకారం చేతికి తెలిసింది. టీచర్ అప్పుడు ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చోగలుగుతారు.

2021లో కేంద్రం తెచ్చిన నిపుణ్ భారత్, దాన్నే మన దగ్గర అమలు చేయడానికి 2022లో మొదలైన తొలిమెట్టు, పునాది చదువు మీద ఇలాంటి మెట్ల వారీ పనినే ఆశిస్తున్నాయి.

వెతికేవాళ్లు ఎక్కడెక్కడ వెతుకుతున్నారు

అన్నిటికన్నా దగ్గర ఉన్నదాన్నే అందరూ దాటేస్తారు: పాఠ్యపుస్తకం. పాఠం మధ్యలో ఉండే "ఆలోచించండి, చర్చించండి" పెట్టెలు, చివరి ప్రాజెక్టు పనులు నిజానికి సగం తయారైన ప్లాన్లు. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియంతో పాటు వచ్చిన ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు. భావనను తెలుగు పేజీతో తేల్చుకుని, ఇంగ్లిష్ పేజీలో పదాలు వెతికించడమే ఒక కృత్యం.

పుస్తకంలోని క్యూఆర్ కోడ్ 2017లో మొదలైన దీక్ష అనే డిజిటల్ పాఠాల వేదికకు తీసుకెళుతుంది. రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానెల్ టీ-శాట్ విద్య పాఠాలు టీవీలో, యూట్యూబులో ఉంటాయి. ఇవి టీచర్ విషయాన్ని సరిచూసుకోవడానికి బాగా పనికొస్తాయి. తరగతిలో మొత్తం వీడియో నడిపితే పిల్లలు చూసేవాళ్లుగానే మిగులుతారు. పనికిరాని వస్తువులతో సైన్స్ బొమ్మలు చేసే అరవింద్ గుప్తా తన వెబ్‌సైట్లో బొమ్మలు, పుస్తకాలు అన్నీ ఉచితంగా పెట్టారు. అగ్గిపుల్లలు, సైకిల్ ట్యూబు ముక్కలు, స్ట్రాలు చాలు.

చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశాలకు ఉండాల్సినంత విలువ మనం ఇవ్వడం లేదని నా గట్టి అభిప్రాయం. పక్క మండలంలో అదే పాఠం, అలాంటి పిల్లలకే చెప్పిన టీచర్ ఎదురుగా కూర్చుని ఉంటారు. "ఇక్కడ పిల్లలు ఏం తప్పన్నారు?" అనే సమాచారం ఏ పోర్టల్‌లోనూ ఉండదు. సర్క్యులర్లు చదవడంతోనే సమయం అయిపోతే ఆ జ్ఞానం జేబుల్లోనే ఇంటికి పోతుంది.

చాట్‌బాట్ల సంగతి. "నీడల పాఠానికి ప్లాన్ ఇవ్వు" అంటే ప్రొజెక్టర్, ల్యాబు, ముప్పై మంది చక్కగా ఉన్న తరగతిని ఊహించుకుని రాస్తుంది. "ప్రొజెక్టర్ లేదు, రెండు టార్చిలున్నాయి, సూర్యుడు కదిలితే ప్రతి నీడా కదలాల్సిందే అని పిల్లలు అనుకుంటున్నారు, వాళ్ల ఊహను పరీక్షించే మూడు ప్రశ్నలు కావాలి" అంటే పనికొచ్చేది రావచ్చు. తేడా ఎక్కడుందో గమనించండి: పిల్లల అపోహ ఏమిటో టీచర్ చెప్పాల్సి వచ్చింది. ఒకే లెక్కను మూడు స్థాయుల్లో మార్చివ్వడం, అభ్యాసానికి వాక్యాలు తయారుచేయడం అది బాగా చేస్తుంది. స్థానిక చరిత్ర, ఊళ్ల పేర్లు, తేదీలు అడిగితే ధీమాగా తప్పు చెప్పగలదు కాబట్టి సరిచూడకుండా బోర్డెక్కించకూడదు.

పైనుంచి వచ్చే ప్లానా, సొంత ప్లానా

రాష్ట్రమంతటికీ ఒకే ప్లాన్ ఇస్తే మేలని వాదించేవాళ్ల దగ్గర బలమైన కారణాలున్నాయి. కొత్త టీచర్‌కు చేతికర్ర దొరుకుతుంది. రోజూ అన్ని సబ్జెక్టులూ చెప్పే ఎస్జీటీకి (ప్రాథమిక బడి టీచర్‌కు) రాత్రిళ్లు రాసే బాధ తగ్గుతుంది. మారుమూల బడి పిల్లవాడికీ పట్నం పిల్లవాడికీ కనీసం ఒకే పాఠం అందుతుంది. దీన్ని కాదనేవాళ్లు, నారాయణపేటలో ఇంట్లో కన్నడమో మరాఠీయో మాట్లాడే పిల్లలు, దేవరకొండ తండాల్లో లంబాడీ మాట్లాడే పిల్లలు ఆ ప్లాన్‌లో ఎక్కడున్నారని అడుగుతారు. ఆ ప్రశ్నా న్యాయమైనదే. విద్యాహక్కు చట్టంలోనే ఈ లాగులాట ఉంది. 24వ సెక్షన్ టీచర్ మొత్తం సిలబస్‌ను నిర్ణీత కాలంలో పూర్తిచేయాలంటుంది. దాని పక్కనే, ప్రతి పిల్లవాడి స్థాయిని గమనించి అవసరమైతే అదనంగా బోధించాలనీ అంటుంది. 29వ సెక్షన్ చదువు కృత్యాలు, అన్వేషణల ద్వారా సాగాలని చెబుతుంది. ఈ మూడూ ఒకే నలభై అయిదు నిమిషాల్లో ఇమడాలి.

కృత్యమా, వివరణా అన్న తగువు కూడా తేలలేదు. 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు పరిశోధకులు, కొత్తగా నేర్చుకునేవారిని మార్గం చూపకుండా వదిలేస్తే నేర్చుకోరని, స్పష్టమైన వివరణ, చేసి చూపించిన లెక్కలు వాళ్లకు ఎక్కువ మేలు చేస్తాయని వాదించారు. మరుసటి ఏడాదే మరికొందరు, మంచి అన్వేషణా పద్ధతిలో టీచర్ తోడు అడుగడుగునా ఉంటుంది, దాన్ని వదిలేయడం అనలేమని జవాబిచ్చారు. తరగతిలో నిలబడి చూస్తే రెండూ ఒకే పాఠంలో వేర్వేరు క్షణాలకు పనికొస్తాయి. గుంటల లెక్కలో తప్పు బయటపడేదాకా ప్రశ్న, బయటపడ్డాక బోర్డు మీద స్పష్టమైన వివరణ.

స్థానికం పిల్లల మీద బరువైనప్పుడు

స్థానిక ఉదాహరణలు వెతకమని అందరూ చెబుతారు. వాటికి ఒక అంచు ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. పాలమూరు వలసల గురించి పాఠం చెబుతూ "మీలో ఎవరి అమ్మానాన్న బొంబాయి పోయారు, చెయ్యెత్తండి" అంటే, అవ్వ దగ్గర ఉండి చదువుకుంటున్న పిల్ల తరగతి ముందు ఒంటరిదవుతుంది. ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్లు తాగితే వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు పాఠంలో వంకర తిరిగిన కాళ్ల ఫొటో చూపిస్తే, ఇంట్లో అలాంటి తాత ఉన్న పిల్లవాడు తల దించుకుంటాడు. విషయం వదిలేయనక్కర్లేదు. వలసకు రాష్ట్ర పటం, వర్షపాతం, సాగునీటి వివరాలు ఇచ్చి "ఇక్కడి నుంచి జనం ఎందుకు కదులుతారు?" అని అడగవచ్చు. తన ఇంటి కథ చెప్పాలా వద్దా అన్నది పిల్లవాడి ఇష్టానికి వదలవచ్చు. ఫ్లోరైడుకు ఫొటో కన్నా నీటి రసాయనం ముందు రావచ్చు. పిల్లవాడి గౌరవాన్ని ఖర్చుపెట్టి తెచ్చే ఏ ఉదాహరణ అయినా నా దృష్టిలో మంచి ఐడియా కాదు.

పాఠం అయ్యాక రాసే రెండు లైన్లు

పీరియడ్ ప్లాన్ చివర టీచర్ తన అనుభవం రాసుకునే చోటు ఉంటుంది. ఎక్కువ నోటుబుక్కుల్లో అక్కడ "పాఠం సంతృప్తికరంగా సాగింది" అని ఉంటుంది, లేదా ఖాళీ. నిజానికి వచ్చే ఏడాదికి ఐడియా దొరికే చోటు అదే. బదిలీ అయి టీచర్ వెళ్లిపోతే ఆ తరగతి గురించి తెలిసినదంతా ఆయనతోనే పోతుంది, కాగితం మీద ఉన్నదే మిగులుతుంది. పాస్‌బుక్కు పాఠం తర్వాత ఆ చోటులో ఇలా ఉంటే ఎంత పనికొస్తుందో చూడండి: "కూడిక చాలామందికి పట్టుబడింది. 3.10 లోంచి 1.25 తీయమంటే మళ్లీ 1.85 అన్నారు. ఎకరంలో 85 గుంటలు ఉండవని ఎవరికీ తట్టలేదు. వచ్చేసారి తీసివేతతోనే మొదలుపెట్టాలి, ఎకరాన్ని గుంటలుగా విడగొట్టడం ముందు చేయించాలి."